ఆరోగ్యం గడిలో ఎవరో దిద్దిన వాక్యం

మొన్నొక సాయంత్రం మా కోడలు నా పక్కనే కూర్చుని, తన ఫోనులో ఉన్న ఫొటోలను నా ఫోనులోకి పంపిస్తానంది. రెండు ఫోన్ల మధ్య జానెడు దూరం కూడా లేదు. అయినా నా ఫోను, ఫలానా ఫోను నుంచి ఫైళ్లు వస్తున్నాయి, తీసుకోమంటావా వద్దంటావా అని అడిగింది. పంపేది కోడలే అని కళ్లారా చూస్తూ కూడా నా వేలు ఆగిపోయింది. ఏ ఫొటోలు, ఎన్ని, వాటి వెంట ఇంకేమైనా వస్తుందా, నా ఫోనులోవి ఆమెకు కనబడతాయా అని నాలుగు ప్రశ్నలు వేశాక గానీ నేను ఒప్పుకోలేదు. "నా మీద గూడ అనుమానమేనా అత్తమ్మా" అని ఆమె నవ్వింది. నేనూ నవ్వేశాను కానీ, ఈ అనుమానపు బుద్ధి నాకు ఎప్పుడు అంటుకుందో, దానివల్ల ఒక మంచి మనిషికి నేనేం చేశానో ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఇంట్లో చెప్పలేనిది కాగితం మీద చెప్పడం తేలిక కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు మేము ధూల్‌పేట్ పక్క గల్లీలో ఉండేవాళ్లం. కింద ముందువైపు వాకిట్లో మామ కట్టేసిన ఆరు బర్రెలు, వెనక మూడు గదులు, పైన రేకుల గది ఒకటి. నేను ఆ ఇంటి పెద్ద కోడలిని. మా ఆయన పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో పని చేసేవారు. నాకు పెళ్లికి ముందే టైపు వచ్చు కాబట్టి, కంప్యూటర్లు వచ్చిన కొత్తలో ఒకటి కొని ముందు గదిలో పెట్టుకుని పెళ్లికార్డులు, సంబంధాలకు ఇచ్చే బయోడేటాలు, దుకాణాల లెటర్‌హెడ్లు చేసి ఇచ్చేదాన్ని. నా వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కంప్యూటరుకు పూల గుడ్డ కప్పేవాళ్లం, చెప్పులు విడిచి గాని ఆ గదిలోకి పోయేవాళ్లం కాదు. మా ఇంట్లో అయితే పేడ వాసన రాకూడదని కిటికీ మూసి, ఉక్కపోతలో చెమటలు కారుతుంటే అక్షరాలు కొట్టేదాన్ని. అయినా అది నా రాజ్యంలా ఉండేది.

మా మరిది కంప్యూటర్లు బాగుచేసే దుకాణంలో పనికి కుదిరాక పాత సామాన్లు అవీ ఇవీ కలిపి రెండో కంప్యూటరు తయారుచేసి, పైన తన గదిలో పెట్టాడు. అతని భార్య, అంటే నా యారాలు, అప్పటికి ఆ ఇంటికి వచ్చి రెండేళ్లు. నా దగ్గరే టైపు నేర్చుకుని ఆర్నెల్లలో నాకంటే వేగంగా కొట్టేది. పని ఎక్కువైతే సగం తాను చేసేది. ఫైళ్లను ఫ్లాపీలో వేసుకుని మెట్లెక్కి దిగడం మాకు ఒక వ్యాయామం. పైకి పోయేసరికి ఆ ఫ్లాపీ తెరుచుకోకపోవడం, మళ్లీ కిందికి రావడం, మధ్యలో అత్త పిలిచి కొత్తిమీర తెంపమనడం. ఇదంతా చూసి మరిది ఒక ఆదివారం నీలం రంగు తీగ ఒకటి తెచ్చాడు. నా కిటికీ నుంచి మెట్ల పక్క గోడ మీదుగా, బట్టలారేసే దండెం వెంట పైకి లాగి రెండింటినీ కలిపాడు. నేను కింద కూర్చుని ఒక పెళ్లికార్డును మరిది చూపించిన ఫోల్డరులో వేస్తే, పై నుంచి యారాలు "వచ్చింది అక్కా" అని కేకేసింది. పాలు పిండుతున్న మామ లేచి వచ్చి తీగను వేలితో ముట్టుకుని చూశారు. అత్త రెండు కంప్యూటర్లకూ బొట్టు పెట్టింది.

ఆ ఫోల్డరుకు తాళం పెట్టాలా అని మరిది అడిగాడు. ఎవరైనా చూడవచ్చు కానీ మార్చడానికి వీల్లేకుండా కూడా పెట్టవచ్చన్నాడు. నేనే వద్దన్నాను. "ఒక్క ఇంట్ల తాళాలేంది" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు ఎంత గర్వంగా ఉండిందో ఇప్పటికీ జ్ఞాపకం. నిజంగానే కొన్ని నెలలు చాలా హాయిగా గడిచాయి. నేను తప్పుగా కొట్టిన ఊరి పేరును యారాలు పై నుంచే దిద్దేది, ఆమె మరిచిన ముహూర్తాన్ని నేను కింద నుంచి చేర్చేదాన్ని. చెప్పుకునేవాళ్లం కూడా కాదు. పొద్దున తెరిచి చూస్తే పని సరిగ్గా ఉండేది.

మా ఆడబిడ్డ సంగతి ఇక్కడ చెప్పాలి. ఇంట్లో అందరికంటే చిన్నది, డిగ్రీ అయిపోయింది, నెమ్మదైన పిల్ల. చిన్నప్పటి నుంచి ఆమెకు ఫిట్స్ వచ్చేవి. మందు వాడగా వాడగా తగ్గి, అప్పటికి మూడేళ్లుగా ఒక్కసారి కూడా రాలేదు. రోజూ రాత్రి అన్నం తిన్నాక ఒక మాత్ర వేసుకునేది. ఈ విషయం ఇల్లు దాటి బయటికి పోకూడదని అత్త కట్టడి. నా యారాలు కొత్త కోడలిగా వచ్చిన ఏడాదిలోనే, తన తమ్ముడికి ఈ పిల్లను ఇస్తారా అని అడిగింది. అతనికి శాలిబండలో బండ్లు బాగుచేసే షాపు. అత్త ముఖం మీదనే కాదంది. చేతులకు గ్రీజు పూసుకునేవాడికి డిగ్రీ చదివిన పిల్లను ఎట్లా ఇస్తామంది. యారాలు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తలేదు కాబట్టే మనసులో పెట్టుకుందని నేను అనుకునేదాన్ని.

ఆడబిడ్డ బయోడేటా నేనే తయారుచేశాను. ఆరోగ్యం అన్న గడి దగ్గర నా చేతులు కాసేపు ఆగాయి. అత్త వెనకే నిలబడి ఉంది. "సంపూర్ణ ఆరోగ్యవంతురాలు" అని కొట్టాను. ఎంతోమంది పిల్లలకు రంగు తెలుపని, ఎత్తు రెండంగుళాలు ఎక్కువని కొట్టి ఇచ్చిన చేతులే కదా, ఇదీ అలాంటిదే అని సర్దిచెప్పుకున్నాను. ఆ ఫైలును కూడా అలవాటుగా అందరం వాడే ఫోల్డరులోనే ఉంచాను. పెళ్లిళ్ల పేరయ్య వచ్చి అడిగినప్పుడల్లా ఒక ప్రతి తీసి, ఫొటోతో కలిపి కవరులో పెట్టి ఇచ్చేదాన్ని. నేనే కొట్టింది కాబట్టి మళ్లీ చదివేదాన్ని కాదు.

ఒక సంబంధం వాళ్లు ఆదివారం వస్తామని, శనివారం కబురు పంపి మానుకున్నారు. రెండో వాళ్లు జాతకం కుదరలేదన్నారు. మూడో వాళ్లు ఏమీ అనలేదు, ఊరుకున్నారు. అత్తకు అనుమానం మొదలైంది. ఎవరో చెడగొడుతున్నారని గల్లీలో ఒక్కొక్క ఇంటినీ లెక్కపెట్టింది. ఎదురింటి గాజుల దుకాణపామెతో మాట మానేసింది, పాలకు వచ్చే ఒక ముసలామెను గడప దగ్గరే నిలబెట్టసాగింది. మాకు కూడా ఎవరు నవ్వినా ఆ నవ్వు వెనక ఏదో ఉందనిపించేది. నాలుగోసారి పేరయ్య మనసొప్పక, వాళ్లు వాపసిచ్చిన కవరును తెచ్చి నా చేతిలోనే పెట్టాడు. "ఒకసారి సదువుకోరాదమ్మా" అని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

కవరు విప్పి చదివితే, ఆరోగ్యం గడిలో నేను కొట్టిన మాట లేదు. "చిన్నప్పటి నుంచి ఫిట్స్ ఉన్నాయి. రోజూ మందు వేసుకుంటుంది. మూడేళ్లుగా రాలేదు" అని ఉంది. అదే అక్షరాల తీరు, అదే సైజు, నేనే రాశానన్నట్టు. కంప్యూటరులో ఫైలు తెరిచి చూస్తే అందులోనూ అదే ఉంది. వెంటనే పాత మాటకు మార్చేశాను. మూడు రోజులకు మళ్లీ చూస్తే మళ్లీ మారి ఉంది. ఇంకొకసారి మార్చాను. ఆ మర్నాడు తెరవబోతే, ఈ ఫైలును ఇంకొకరు వాడుతున్నారని తెర మీద ఇంగ్లీషులో ఒక పెట్టె వచ్చింది. ఆ పెట్టె కింది వరుసలో, పై గది కంప్యూటరుకు మా మరిది పెట్టిన పేరు ఉంది.

ఇక నాకు ఆలోచించవలసిన పని కనబడలేదు. పై గది యారాలిది, తమ్ముడికి పిల్లను ఇవ్వలేదన్న కడుపుమంట యారాలిది. ఆ రోజు నుంచి ఆమెను చూసే చూపు మారిపోయింది. మెట్లు దిగుతుంటే ఆ అడుగుల్లో తొందర ఎందుకో అని వినేదాన్ని. నాకు టీ తెచ్చిస్తే, ఏం కనుక్కోవడానికి వచ్చిందో అనుకునేదాన్ని. ఆడబిడ్డ తల దువ్వుతూ ఆమె ఏదో గుసగుసగా చెబుతుంటే, పిల్ల మనసు విరుస్తోందని ఖాయం చేసుకున్నాను. రెండేళ్లు ఒకే కంచంలో తిన్నంత దగ్గరగా ఉన్న మనిషి, వారం రోజుల్లో నా కళ్లకు కొత్త మనిషి అయిపోయింది. ఒక్కసారి పిలిచి, ఇది నువ్వు చేశావా అని అడిగితే సరిపోయేది. అడగలేదు. అడగకుండా తీసుకుపోయి అత్త చేతిలో ఆ కాగితం పెట్టాను.

అత్త వాకిట్లోనే పిలిచింది. యారాలు గిన్నెలు తోముతున్న చేతులతోనే వచ్చి నిలబడింది.

"నీ తమ్మునికి ఇయ్యలేదని నా బిడ్డ బతుకును బజార్ల పెడ్తవా" అంది అత్త.

యారాలు కాగితం చదివింది. రెండుసార్లు చదివినట్టుంది. తర్వాత అత్త వైపు కాకుండా నా వైపు తిరిగింది.

"అక్కా, నువ్వు గూడ గట్లనే అనుకుంటున్నవా?"

నేను నేల చూశాను. ఆమె ఇంకొంచెం సేపు చూసి, చేతులు కడుక్కుని, మెట్లెక్కి వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే పైన వేరే స్టవ్వు వెలిగింది. మరిది నాతో ముభావంగా, ఆ తీగ పీకేస్తానన్నాడు. నేను ఉండనీయమన్నాను. పని ఆగిపోతుందని పైకి చెప్పాను కానీ, ఫైలు తెరిచి ఉండగా ఆమెను అక్కడికక్కడే పట్టుకోవాలన్నదే నా మనసులో ఉంది.

ఆ గడిని మళ్లీ పాత మాటకే మార్చిపెట్టి పదిహేను రోజులు కాపు కాశాను. వినాయకుల తయారీ జోరుగా సాగే రోజులవి, గల్లీ మొగలో ప్లాస్టిక్ కవర్ల కింద ముఖాలకు ఇంకా రంగు వేయని విగ్రహాలు వరుసగా నిలబడి ఉండేవి. వాటిని దాటి ఎవరు వచ్చినా పోయినా కిటికీలోంచి గమనించేదాన్ని. ఒక మధ్యాహ్నం బయోడేటా ఫైలు మీద నొక్కగానే ఆ పెట్టె వచ్చింది. పై కంప్యూటరులో ఎవరో ఆ ఫైలు తెరిచారు. లేవబోతూ కిటికీలోంచి చూశాను. నా యారాలు వాకిట్లో ఉంది. పాలగిన్నె పట్టుకుని మామ పక్కన నిలబడి, బర్రె కాలికి తగిలిన దెబ్బ గురించి ఏదో అడుగుతోంది. మరిది దుకాణంలో ఉన్నాడు. పెట్టె మాత్రం తెర మీద అలాగే ఉంది.

చెప్పులు లేకుండా మెట్లెక్కాను. ఆ గదిలో, నిద్రపోతోందని మేమంతా అనుకునే వేళ, మా ఆడబిడ్డ కంప్యూటరు ముందు కూర్చుని ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటూ కొడుతోంది. నన్ను చూసి లేవలేదు.

"ఒక్క లైనే ఉన్నది వదినా, ఆగు" అంది. పూర్తిచేసి, భద్రపరిచి, అప్పుడు తిరిగింది.

"నువ్వేనా?"

"నేనే. నువ్వు మార్చినప్పుడల్ల మళ్ల రాసిన."

"ఎందుకే?"

"నాకు ఎప్పుడన్న మళ్ల ఫిట్స్ వస్తే, ఆ ఇంట్లోళ్లకు అదేందో ముందుగాలనే ఎర్కుండాలె గద. ఎర్క లేకుంటే దయ్యం పట్టిందంటరు. మందు దాచుకొని ఎన్ని దినాలు మింగాలె నేను?"

మరి చిన్న వదినను అంతమాట అంటుంటే ఎట్లా ఊరుకున్నావని అడిగాను. అప్పుడు ఏడ్చింది.

"ఆ దినమే పోయి చెప్పిన. కాళ్లు పట్టుకున్న. అమ్మకు నేనే చెప్తనంటె వద్దన్నది. నీ పేరు ఎత్తితే మీ అమ్మ నిన్ను కంప్యూటర్ దిక్కు చూడనియ్యది, నోటికొచ్చింది రాపిచ్చి పెండ్లి చేస్తది, నామీదనే ఉండనీ అన్నది. అప్పటిసంది ఈ గది తలుపు తెరిచి పెట్టేది గూడ ఆమెనే."

నేను మెట్లు దిగి వచ్చాను. యారాలు పాలగిన్నెతో ఎదురు వస్తోంది. నా ముఖం చూడగానే ఆమెకు అర్థమైంది. నా మీద కోపం ఉంటే తిట్టు అన్నాను. గిన్నెను గోడ మీద పెట్టి, పైట చెంగుతో చేయి తుడుచుకుంటూ నిదానంగా అంది.

"అత్తమ్మ అన్నదానికి నాకు బాధ లేదక్కా. ఆమె తల్లి. నువ్వు ఒక్కమాట నన్ను అడగలే. గదే."

ఇంకొక సంగతి కూడా ఆ పూటే తెలిసింది. ఆమె తమ్ముడికి ఈ పిల్ల ఫిట్స్ సంగతి మొదటే తెలుసు. అక్క చెబితే విని, తెలిసిన తర్వాతే అడగమన్నాడు. అత్త కాదన్నాక కూడా, ఎప్పుడైనా మనసు మారుతుందేమో అని వచ్చిన సంబంధాలను వాయిదా వేస్తూ ఉన్నాడు. వాకిట్లో ఆ పంచాయితీ అయిన మర్నాడు, ఆ ఇంటి దిక్కు ఇక చూడకండి అని నా యారాలే పుట్టింటికి కబురు చేసింది. నేను ఆ మెట్లెక్కిన రోజుకు నాలుగు రోజుల ముందే అతనికి వేరే పిల్ల ఖాయమైంది. మాట ఇచ్చేశారు. తమ్ముడికి పిల్లను అడిగిందని నేను అనుమానానికి రుజువుగా పెట్టుకున్న ఆ ఒక్క విషయమే, ఆమె మంచితనానికి రుజువని అప్పుడు తెలిసింది. తెలిసి ఏం చేయగలను. అతని పెళ్లికార్డు నేనే చేశాను. ఆమె చేయమనలేదు, నేనే అడిగి తీసుకున్నాను. అతని పేరు పక్కన వేరే పిల్ల పేరు కొట్టి, తప్పుల్లేవని తెలిసి కూడా చాలాసార్లు చదివాను. ఆడబిడ్డ మనసులో అతని మీద ఏమైనా ఉండిందా అని నేను అడగలేదు. ఆమె ఆ పెళ్లికి వెళ్లి, కడుపునిండా తిని వచ్చింది, అంతే తెలుసు.

నిజం చెప్పడానికి అత్త దగ్గరికి కాదు, మామ దగ్గరికి పోయాను. ఆయన బర్రె కాలికి కట్టు కడుతూ అంతా విన్నారు. "ఉన్నదే రాయి బిడ్డా" అన్నారు. కట్టు ముడి వేసి, మళ్లీ అన్నారు. "చిన్నకోడలును కిందికి పిలువు. ఒక్క పొయ్యి మీదనే వండున్రి." అత్త నాతో నెల రోజులు మాట్లాడలేదు. నా యారాలితో మాత్రం, ఎవరూ చెప్పకుండానే, మరునాడు పొద్దున్నే ఆమె చేతి టీ అడిగి తాగింది. క్షమించమని ఆ తరం అత్తలు అలాగే అడిగేవాళ్లు.

ఉన్నది ఉన్నట్టు రాసిన కాగితంతో నాలుగేళ్లు గడిచాయి. చాలామంది చదివి మానుకున్నారు. చివరికి సిద్దిపేట వైపు నుంచి ఒకతను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చాడు. పిల్లను చూడగానే అతను అడిగిన మొదటి మాట, "మందు ఏ టైముకు వేసుకుంటరు" అని. పక్కగదిలో ఉన్న నా యారాలు ఆ మాట విని నా చేయి గట్టిగా పట్టుకుంది. వాకిట్లో ఆ పంచాయితీ జరిగిన తర్వాత ఆమె నా చేయి పట్టుకోవడం అదే మొదటిసారి. ఆడబిడ్డ ఇప్పుడు బాగుంది, ఆమె కూతురు కాలేజీలో చదువుతోంది.

మేము మాత్రం మునుపటిలా కాలేదు. తప్పు ఆమెది కాదు. ఆమె ఎప్పటిలాగే నవ్వేది, నా పిల్లలకు జ్వరమొస్తే రెండు పూటలా వచ్చి కూర్చునేది. కానీ అంతకుముందు నేరుగా నా గదిలోకి వచ్చే మనిషి, ఆ తర్వాత గడప అవతల ఆగి "రావొచ్చా అక్కా" అని అడగడం మొదలుపెట్టింది. నా ఫైళ్లలో తప్పులుంటే దిద్దడం మానేసి, ఒక చీటీ మీద రాసి పంపేది. ఒక వానాకాలం పిడుగుకు ఆ తీగ కాలిపోతే, కొత్తది వేయమని ఇద్దరిలో ఎవరమూ మరిదిని అడగలేదు. పిల్లలు పెద్దయ్యాక, ఇల్లు చాలక మేము జల్‌పల్లిలో చిన్న స్థలం తీసుకుని వచ్చేశాం. వాళ్లు అక్కడే ఉన్నారు. పండుగలకు కలుస్తాం, వారానికోసారి ఫోనులో ఆరోగ్యాలు కనుక్కుంటాం. ఆ పదిహేను రోజుల మాట ఇద్దరమూ ఎత్తము.

ఈ కాలనీలో ఇప్పటికీ ఎవరైనా అడిగితే బయోడేటాలు చేసి పెడుతుంటాను. మనుషులు రాయించుకునే అబద్ధాలు పెద్దగా మారలేదు. రాసే పద్ధతి మారింది, అంతే. ఇంట్లో ప్రతి మనిషికీ వేరే కంప్యూటరు, వేరే ఫోను, ప్రతిదానికీ వేరే తాళం. నా కంప్యూటరు తాళం నా కొడుకుకు కూడా తెలియదు. భద్రంగా ఉన్నామని అందరమూ అనుకుంటాం, నిజమే కావచ్చు. ఒక్కొక్కసారి ఆరోగ్యం గడి దగ్గరికి వచ్చి, వాళ్లు చెప్పిందే కొట్టి, ఫైలు మూసి పడుకుంటాను. పొద్దున లేచి తెరుస్తాను. నేను రాసింది రాసినట్టే ఉంటుంది.